ఇంగ్లీషు వ్యాకరణమున వాక్యము మొదటి పుటకు వచ్చిన చరిత్ర

మన దేశమున ఇంగ్లీషు చదువుకొన్న వారిలో రెన్, మార్టిన్ అను జంటపేర్లు వినని వారు అరుదు. 1930ల నడుమ వెలువడి, పిమ్మట ఎన్.డి.వి. ప్రసాదరావుగారి సంస్కరణము నంది, నేటికిని పుస్తకముల దుకాణములలో దొరకుచున్న ఆ ఉన్నత పాఠశాలా వ్యాకరణమును విప్పినచో, మొదటి ప్రకరణము వాక్యమును గూర్చినది. రెండవది సబ్జెక్టు, ప్రెడికేటు అను దాని రెండు అంగములను గూర్చినది. నామము, సర్వనామము, విశేషణము, క్రియ మొదలుగాగల పదజాతులు వాని వెనుక వచ్చును. విషయమును తెలుపునవి, ప్రశ్నించునవి, ఆజ్ఞాపించునవి, ఆశ్చర్యమును ప్రకటించునవి అని వాక్యములు నాలుగు విధములని తొలి పాఠముననే వల్లించిన విద్యార్థికి, ఇంగ్లీషు వ్యాకరణము పుట్టిననాటినుండియు ఈ క్రమముననే నడచుచున్నదని తోచుట సహజము. కాని అంతకు నూట నలుబది యేండ్ల ముందు, 1795లో లిండ్లీ మర్రే వ్రాసిన వ్యాకరణమున ఈ క్రమము తలక్రిందులుగా నుండెను. అందు మొదట అక్షరములు, తరువాత పదములు, ఆ తరువాత పదముల కూర్పు, తుదకు ఛందస్సు. వాక్యమును గూర్చి తెలిసికొనగోరువాడు గ్రంథమున చాల భాగము దాటవలసియుండెను.

ఈ రెండు గ్రంథముల నడుమ ఏమి జరిగినది? వెనుకనున్న వాక్యము ముందునకెట్లు వచ్చినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినకొలది నాకు ఒక సంగతి స్పష్టమగుచు వచ్చినది. వ్యాకరణశాస్త్రమును వ్రాసినవారు పండితులే యైనను, దాని రూపమును మార్చినవారు లాటిన్ భాష నేర్చుకొను భాగ్యము లేని విద్యార్థులు: బాలికలు, సిపాయిలు, వృత్తి నేర్చుకొను కుఱ్ఱలు, నాగలి పట్టిన పల్లెటూరివారు, తుదకు సముద్రముల కావలనున్న మనము. వారి యవసరము పాఠ్యగ్రంథమును ప్రతి మలుపునను కొంత కదలించినది.

వాక్యమును గూర్చిన విచారణ గ్రీసుదేశమున మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున ప్రొటాగొరస్ అను ఆచార్యుడు మానవభాషణమును ప్రార్థన, ప్రశ్న, ప్రత్యుత్తరము, ఆజ్ఞ అని నాలుగు తెఱగులుగా విభజించెనని ప్రాచీనులు చెప్పుదురు. హోమరు మహాకవి ఇలియడ్ కావ్యారంభమున గానదేవతను ప్రార్థింపదలచియు ఆజ్ఞారూపమైన క్రియను వాడెనని ఆతడు తప్పుపట్టినట్లు అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున పేర్కొని, ఇట్టి యాక్షేపణ కవిత్వమునకు సంబంధించినది కాదని త్రోసివేసెను. మన స్తోత్రములలో కావుము, బ్రోవుము, కరుణింపుము అను క్రియలన్నియు రూపమున విధ్యర్థకములే. అయినను భక్తుడు దేవుని ఆజ్ఞాపించుచున్నాడని ఎవరును తలంపరు. వాక్యమునకు రూపమొకటి, ప్రయోజనమొకటి యుండునన్న ఈ సూక్ష్మము అంత పూర్వమే చర్చకు వచ్చినను, మన బడిపుస్తకములు నేటికిని ఆ రెండింటిని కలిపివేయుచునే యున్నవి. తలుపు తీయగలవా అని యడిగినది ప్రశ్నయా, వేడుకోలా అని బాలుడు సందేహించినప్పుడు అతని సందేహము ప్రొటాగొరస్ నాటిదని చెప్పి మెచ్చుకొనవలసిన ఉపాధ్యాయుడు, చివర ప్రశ్నార్థకచిహ్నమున్నది గనుక ప్రశ్నయేయని త్రోసిపుచ్చుట నాకు బాధ కలిగించును.

ప్లేటో వాక్యమును నామాంశము, క్రియాంశము అని రెండుగా విడదీసి చూపెను. అరిస్టాటిల్ దేనిని గూర్చి చెప్పుచున్నాము, దానిని గూర్చి ఏమి చెప్పుచున్నాము అను విభాగమును తర్కమునకు పునాదిగా జేసెను. సత్యమో అసత్యమో యని నిర్ణయింపదగిన వాక్యము మాత్రమే తర్కమునకు పనికివచ్చుననియు, ప్రార్థన వాక్యమే యైనను సత్యాసత్యములకు లోబడదనియు చెప్పి, తక్కిన వాక్యభేదములను అలంకారశాస్త్రమునకును కావ్యశాస్త్రమునకును అప్పగించెను. ఇచ్చట త్రోవలు చీలినవి. వాక్యము తార్కికుల సొత్తైనది. వైయాకరణులకు పదము మిగిలినది. అలెగ్జాండ్రియా నగరసంప్రదాయమునకు చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేర నిలిచిన చిన్న వ్యాకరణమున పదజాతులు ఎనిమిది కలవు గాని వాక్యనిర్మాణమునకు ప్రకరణము లేదు. క్రీ.శ. 500 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిల్‌లో ప్రిషియన్ రచించిన లాటిన్ వ్యాకరణము పదునెనిమిది సంపుటములు. అందు పదునాఱు అక్షరములకును పదములకును పోగా, పదముల కూర్పునకు దక్కినవి తుది రెండు మాత్రమే. ఐరోపా ఖండమంతయు వేయి సంవత్సరములు చదివిన గ్రంథమిది. అందువలన వాక్యము చివరనుండుట ఆ ఖండమున ఒక యాచారమైపోయినది.

ఇంగ్లాండులో వ్యాకరణమనగా చాలకాలము లాటిన్ వ్యాకరణమే. లండనులోని సెయింట్ పాల్ పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయుడైన విలియం లిలీ పేర నడచిన లాటిన్ వ్యాకరణమును 1540 ప్రాంతమున ఎనిమిదవ హెన్రీ రాజు దేశమందలి బడులన్నింటికిని ఏకైక పాఠ్యముగా శాసించెను. షేక్స్‌పియరు తన వింజరు నాటకములో ఒక మతాచార్యుడు చిన్న పిల్లవానికి లాటిన్ విభక్తులను ఒప్పచెప్పించు ఘట్టమును వ్రాసినప్పుడు ప్రేక్షకులు నవ్విరనిన, వారిలో పెక్కుమంది ఆ పాఠమును స్వయముగా అనుభవించినవారగుటయే కారణము. ఆ లిలీ మార్గముననే 1586లో విలియం బులోకర్ ఇంగ్లీషునకు మొట్టమొదటి వ్యాకరణమును అచ్చువేసెను. ఇంగ్లీషు భాషకును నియమములు గలవని, అదియును లాటిన్ వలె శాస్త్రబద్ధమేయని నిరూపించుట ఆతని యాశయము. సదాశయమే, కాని నిరూపించుటకు ఆతడు గైకొన్న కొలత లాటిన్‌ది. పదాంతమున బహువచనపు సకారమును, సంబంధమును తెలుపు సకారమును తప్ప మార్పెఱుగని ఇంగ్లీషు నామమునకు, లాటిన్‌నందు ఆఱు విభక్తులున్నవి గనుక, అన్నింటిని అంటగట్టు పద్ధతి వ్యాకర్తలలో ప్రబలినది. దీనిని గట్టిగా ఖండించినవాడు ఆక్స్‌ఫర్డులో జ్యామితి బోధించిన గణితశాస్త్రజ్ఞుడు జాన్ వాలిస్. అనంతమునకు మనము నేడు వాడుచున్న గుర్తును ప్రవేశపెట్టినవాడును ఈతడే. 1653లో ఈతడు ఇంగ్లీషు వ్యాకరణమును లాటిన్ భాషలో వ్రాయుచు, తన భాషకు లేని విభక్తులను తెచ్చిపెట్టుట వ్యర్థమని వాదించెను.

ఈ పండితులు పుస్తకములలో విభక్తులను గూర్చి తర్కించుచుండగా, భాషయందు అంతకు కొన్ని శతాబ్దముల పూర్వమే గొప్ప పరివర్తనము జరిగిపోయియుండెను. తెలుగువానికి ఈ ఘట్టము ప్రత్యేకముగా ఆసక్తి గొల్పునది గావున ఇచ్చట కొంత నిలిచి చెప్పెదను. డెన్మార్కు దేశీయుడైన ఆటో జెస్పర్సన్ ఆంగ్లభాషా చరిత్రను వివరించుచు ఒక చిన్న ఉదాహరణమును కల్పించెను. రాజునకు బేరిపండ్లు నచ్చినవి అను భావమును ప్రాచీనాంగ్లమున చెప్పవలసివచ్చినచో, రాజు అను పదము మన 'కు' వంటి విభక్తిరూపముతో ముందు నిలుచును. క్రియ పండ్లను బట్టి బహువచనమున నుండును. పండ్లు వాక్యాంతమున వచ్చును. అనగా నచ్చు క్రియకు ఆధారము పండ్లే గాని రాజు కాడు. మన తెలుగు వాక్యము నేటికిని ఇట్లే యున్నది. ఆ కాలపు ఆంగ్లేయుడు నాకు ఆకలి యగుచున్నది, నాకు తోచుచున్నది, నాకు నచ్చినది అని మన వలెనే పలికెడివాడు.

కాలక్రమమున పదాంతముల ఉచ్చారణ బలహీనపడెను. ఉత్తరభాగమున స్కాండినేవియనులతో కలిసి బ్రదుకుటయు, 1066 తరువాత నార్మనుల పాలనలో ఇంగ్లీషు రాజసభనుండి తొలగి జనసామాన్యము నోట మాత్రమే నిలుచుటయు ఈ క్షయమునకు తోడ్పడెను. విభక్తిచిహ్నము రాలిపోగా వాక్యారంభమున రాజు అను పదము కేవలము రాజుగానే మిగిలెను. క్రియయందును ఏకవచన బహువచన భేదము చెరగెను. అప్పుడు వినువానికి రాజు ముందు, క్రియ నడుమ, పండ్లు వెనుక కనబడినవి. ముందున్నది గనుక రాజే సబ్జెక్టని క్రొత్తతరమువారు గ్రహించిరి; రాజునకు బదులు సర్వనామమును వాడవలసినప్పుడు 'హిమ్' అనక 'హీ' అనిరి. వాక్యమున ఒక్క పదమును స్థానము మారలేదు, కాని సబ్జెక్టు మారిపోయినది. భాషాచరిత్రయందు ఇంతకంటె నిశ్శబ్దముగా జరిగిన విప్లవము నాకు తెలియదు. హామ్లెట్ నాటకమున వినబడు 'మీథింక్స్' అనుమాట ఆ పాత కట్టడమునకు మిగిలిన శకలము. అందలి 'మీ' మన 'నాకు' అను రూపమునకు దీటైనది.

విభక్తి పోయినపిదప ఇంగ్లీషునకు స్థానమే విభక్తియైనది. క్రియకు ముందున్న చోటు సబ్జెక్టుదని స్థిరపడినందున, ఆ చోటు ఖాళీగా నుండుటకు వీలులేక, చెప్పదగిన వస్తువు లేనప్పుడును 'ఇట్' అనియో 'దేర్' అనియో ఒక పదమును కూర్చుండబెట్టవలసివచ్చెను. వాన కురియుచున్నది అని మనము వానను పేర్కొందుము. వారు దేనినీ పేర్కొనని 'ఇట్'ను ముందుంచి క్రియ చెప్పుదురు. ప్రశ్నయందును ఇట్టి చిక్కే. పూర్వము క్రియను సబ్జెక్టునకు ముందు నిలిపిన ప్రశ్న యయ్యెడిది. పదునాఱు, పదునేడు శతాబ్దములలో 'డూ' అను సహాయక్రియ ఆ ముందుస్థానమున చేరి, ప్రధానక్రియ సబ్జెక్టు వెనుకనే ఉండిపోయినది. షేక్స్‌పియరు నాటకములలో ఈ రెండు పద్ధతులును ప్రక్కప్రక్కనే కానవచ్చును. మన బాలురు ప్రశ్న వ్రాయునప్పుడు 'డూ'ను మఱచిపోవుట ఆ నాటకకర్త కాలమున దోషము కాకపోయెడిదని తెలిసినచో, వారిని దండించు బెత్తమునకు కొంత జాలి కలిగియుండెడిది.

ఈ పరిణామమంతయు ముగిసినతరువాతనే వ్యాకర్తలు విజృంభించిన పదునెనిమిదవ శతాబ్దము వచ్చినది. పరాసు దేశమునందు వలె భాషను స్థిరపఱచుటకు ఒక విద్వత్సభ కావలెనని 1712లో స్విఫ్టు విన్నవించెను, సభ ఏర్పడలేదు. 1755లో జాన్సన్ పండితుడు తన మహానిఘంటువునకు ముందు ఒక వ్యాకరణమును చేర్చియు, ఇంగ్లీషున పదాంతములు తక్కువ గనుక వాక్యనిర్మాణమునకు నియమములు విశేషముగా అక్కఱలేదని పట్టుమని పది పంక్తులలో ఆ భాగమును ముగించెను. అంతటి మహాపండితునికి సైతము విభక్తి లేనిచోట నియమమున్నదని తోచలేదు. పదస్థానమే నియమమైనదని ఆతడు గుర్తింపలేదు. లాటిన్ చదువు మనస్సుపై ఎంత గాఢమైన ముద్ర వేయునో దీనిని బట్టి ఊహింపవచ్చును.

ఆ కొఱతను తీర్ప బూనినవాడు రాబర్టు లౌత్. ఆక్స్‌ఫర్డులో కవిత్వాచార్యుడుగా హీబ్రూ కవిత్వమును గూర్చి ప్రసిద్ధోపన్యాసము లిచ్చి, తరువాత లండను నగరపు బిషప్పైన ఈ విద్వాంసుడు 1762లో తన పేరు ప్రకటింపకయే ఒక చిన్న వ్యాకరణమును వెలువరించెను. వాక్యమును నిర్వచించి, ఒకే సబ్జెక్టును ఒకే సమాపక క్రియయు గలది సామాన్యవాక్యమని చెప్పి, వాక్యములకు పేజీలు కేటాయించినవారిలో ఈతడు ముఖ్యుడు. కాని లోకము లౌత్‌ను గుర్తుంచుకొన్నది ఇందులకు కాదు. పుటల అడుగున చిన్న అక్షరములతో ఆతడు కూర్చిన దోషపట్టికలకు. షేక్స్‌పియరు, మిల్టను, పోప్, స్విఫ్టు, ఆడిసను, ఒకరననేల, మహాకవులందఱి రచనలనుండియు తప్పులు ఏరి చూపెను. రెండు నిషేధములు కలిసినచో ఒండొంటిని రద్దుచేసికొని విధియగునన్న సూత్రము ఈతని గ్రంథము ద్వారా వ్యాప్తినొందినది. చాసరు మొదలుకొని షేక్స్‌పియరు వఱకు ఆంగ్లకవులు నిషేధమును బలపఱచుటకే రెండు మూడు సార్లు చెప్పియుండిరి. వాక్యాంతమున ప్రిపొజిషను నిలుపుట సొగసు కాదని లౌత్ చెప్పినమాట అంతకు తొంబదియేండ్ల మునుపు, 1672లో, డ్రైడను బెన్ జాన్సనును ఆక్షేపించుచు అన్నదే. డ్రైడను తన సొంత నాటకవిమర్శను పునర్ముద్రించునప్పుడు అట్టి వాక్యములను దిద్దుకొనెను. లౌత్ దానిని శాసనముగా చెప్పలేదు. సంభాషణమునందది సహజమని ఒప్పుకొనుచు, ఆ యొప్పుకోలును సైతము ప్రిపొజిషనుతోనే ముగించెను. తరువాతి ఉపాధ్యాయులు ఆ సడలింపును విడిచి నిషేధమును మాత్రము మిగుల్చుకొనిరి.

లౌత్‌కు ఒక్క యేడు ముందు, 1761లో, జోసెఫ్ ప్రీస్ట్‌లీ మఱియొక వ్యాకరణమును ప్రకటించియుండెను. తరువాత ప్రాణవాయువును కనుగొన్న రసాయనశాస్త్రజ్ఞుడీతడే. భాషకు ప్రమాణము జనుల వాడుకయేయనియు, ఏది యోగ్యమో కాలమే నిర్ణయించుననియు ఆతని మతము. ప్రయోగశాలలో పదార్థమును పరిశీలించువానికి ఉండవలసిన వినయమది. నా మట్టుకు ప్రీస్ట్‌లీ పలికినదే సత్యమని తోచును; మన వ్యావహారికభాషోద్యమ నాయకులు ఈ వాదమునే మన భాష విషయమున మఱింత ధైర్యముగా నిలిపిరి. కాని విపణివీథిని గెలిచినది లౌత్ మార్గము. వ్యాపారమున ధనము గడించి పెద్దమనుష్యుల సరసకు చేరగోరుచున్న కుటుంబములకు, వాడుక పరిపరివిధములని చెప్పు గ్రంథముకంటె ఇది ఒప్పు, ఇది తప్పు అని నిర్ణయించి చెప్పు గ్రంథము కావలసివచ్చెను. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఒక్క మాట జాఱినంతమాత్రమున గుమ్మము వెలుపల నిలువవలసివచ్చునేమోయని భయపడువానికి నిశ్చయమే ఔషధము. లెక్కింపదగిన వస్తువులకు 'లెస్' అనకుండ 'ఫ్యూయర్' అనుట బాగని 1770లో రాబర్టు బేకర్ తన అభిరుచిగా మాత్రమే సూచించినది కాలక్రమమున అలంఘ్యమైన నియమమగుటకు ఈ భయమే కారణము. పదప్రయోగమును గూర్చిన శాసనములలో అనేకములు ఇట్లే ఒకరి యిష్టముగా పుట్టి, మఱియొకరి పరీక్షాపత్రమున చట్టములైనవి.

పాఠ్యపద్ధతి మాఱుటకు వేఱు చేతులు కావలసివచ్చెను. న్యూకాజిల్ పట్టణమున బాలికలకు చదువు చెప్పిన ఆన్ ఫిషర్ అను విదుషి, పదునెనిమిదవ శతాబ్ది నడిభాగమున, ఇంగ్లీషును లాటిన్ తో నిమిత్తములేక బోధింపదగునని నిశ్చయించి వ్యాకరణము వ్రాసెను. తప్పువాక్యమునిచ్చి దిద్దుమను అభ్యాసమును ఇంగ్లీషు పాఠములలో వ్యాపింపజేసినది ఈమె గ్రంథమే. నేడు మన పరీక్షలలో ప్రతిసంవత్సరమును కనబడు ఆ ప్రశ్నకు మూలమెక్కడనో తెలిసినవారు కొలదిమంది.

లిండ్లీ మర్రే పెన్సిల్వేనియాలో పుట్టి, న్యూయార్కులో న్యాయవాదిగా పనిచేసి, ధనమార్జించి, ఆరోగ్యము చెడి ఇంగ్లాండు చేరి యార్కు నగరసమీపమున స్థిరపడిన క్వేకరు మతస్థుడు. ఆ నగరమున క్వేకరు బాలికల పాఠశాలలో బోధించు యువతులు కోరగా వారికొఱకు మొదట పేర్కొన్న 1795 నాటి వ్యాకరణమును కూర్చెను. క్రొత్త సిద్ధాంతము లేదు. లౌత్ నుండియు ప్రీస్ట్‌లీ నుండియు గ్రహించినదే యధికము. అయినను పెద్ద అక్షరములలో బాలురు కంఠస్థము చేయవలసినది, చిన్న అక్షరములలో గురువు వివరింపవలసినది అని విభజించిన ఆ నేర్పునకు లోకము వశమైనది. ఇంగ్లాండులోను అమెరికాలోను లక్షల ప్రతులు చెల్లినవి; మన దేశపు బడులకును అది వచ్చినది.

విలియం కాబెట్ కథ మఱింత హృదయంగమము. సేద్యగాని కొడుకై సిపాయిగా చేరిన ఈతడు లౌత్ వ్యాకరణమును చేత్తో వ్రాసికొని, కంఠస్థముచేసి, కాపలా నిలిచినప్పుడెల్ల మొదటినుండి చివరవఱకు వల్లెవేసెడివాడు. తరువాత పత్రికారచయితయై ప్రభుత్వాగ్రహమునకు వెఱచి అమెరికాకు వెడలి, 1818లో కుమారునికి లేఖలరూపమున ఒక వ్యాకరణము వ్రాసి, సిపాయిలకును, నావికులకును, పనినేర్చుకొను కుఱ్ఱలకును, నాగలి పట్టు బాలురకును ఉద్దేశించితినని ముఖపత్రముననే ప్రకటించెను. రాజప్రసంగములనుండియు మంత్రుల లేఖలనుండియు తప్పువాక్యములు తీసి ఆతడు సామాన్యునిచేత దిద్దించెను. సబ్జెక్టు ఏది, క్రియ ఏది యని పట్టి చూచుట వచ్చినవాడు పాలకుని మాటలకు బెదరడని కాబెట్ గట్టి నమ్మకము.

ఇక వాక్యమును గ్రంథశిరస్సున నిలిపిన ఘట్టము. ఇది ఆరంభమైనది జర్మనీలో. వైద్యవృత్తినుండి భాషాశాస్త్రమునకు మఱలిన కార్ల్ ఫెర్డినాండ్ బెకర్, భాష జీవంతమైన దేహము వంటిదనియు, వాక్యమే దాని మూలరూపమనియు, పదములు దానినుండి విడివడిన యవయవములనియు ప్రతిపాదించెను. ఆతని ముఖ్యమైన సూక్ష్మదృష్టి యిది: నామము చేయు పనిని ఒక చిన్న వాక్యము చేయవచ్చును, విశేషణము పనిని మఱియొకటి, క్రియావిశేషణము పనిని వేఱొకటి. అందుచేత పెద్ద వాక్యమున లీనమైన ఉపవాక్యములను కూడ పదజాతుల పేర్లతోనే పిలువవచ్చును. పాఠశాలల తనిఖీ అధికారియైన జె.డి. మొరెల్ 1852లో ఈ విధానమును ఇంగ్లీషున ప్రవేశపెట్టగా, వాక్యమును అంగములుగా విడదీసి గళ్ళలో వ్రాయుట బడులలో నిత్యకృత్యమైనది. సబ్జెక్టునకొక గడి, దాని విస్తరణమునకొక గడి, క్రియకొకటి, పూరకమునకొకటి. లాటిన్ రాని బాలురు బుద్ధికి సాము చేయుటకు దొరకిన గరిడీ అది. అమెరికాలో ఎస్.డబ్ల్యు. క్లార్క్ 1847లో వాక్యాంగములను బుడగల గుంపుగా గీయగా, 1877లో రీడ్, కెల్లాగ్ అను అధ్యాపకులు అడ్డగీత, దానిని ఖండించు నిలువుగీత, క్రిందికి వాలు ఏటవాలు గీతలు గల పటమును కల్పించిరి. ఆ దేశమున తరతరముల బాలురు నల్లబల్లపై అవి గీసిరి.

ఈ చర్చలో మన పూర్వుల వాదమును స్మరింపకుండ లేను. వాక్యార్థబోధలో ఏది ప్రధానమని నైయాయికులును వైయాకరణులును చిరకాలము వాదించిరి. ప్రథమావిభక్తియందున్న నామార్థమే విశేష్యమని నైయాయికులు, ధాత్వర్థమే ప్రధానమని వైయాకరణులు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి లేనిదే పదసమూహము వాక్యము కాదని పెక్కుమంది అంగీకరించిరి. 1959లో వెలువడిన టెస్నియేర్ అను పరాసు పండితుని గ్రంథము క్రియను శిరస్సున నిలిపి సబ్జెక్టును దాని పరివారమున ఒకటిగా జేసినప్పుడు ఐరోపీయులకు అది సాహసముగా తోచినది; మన వ్యాకరణశాలలో అది పాత మాట.

భారతదేశమున ఇంగ్లీషు విద్యకు 1835 నాటి మెకాలే నివేదికయు బెంటింకు నిర్ణయమును త్రోవ తెఱచినవి. 1844లో హార్డింజి ఇంగ్లీషు వచ్చినవారికి కొలువులలో ప్రాముఖ్యమిచ్చుటతో ఆ త్రోవ రాజమార్గమైనది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము పుట్టినది. పందొమ్మిదవ శతాబ్ది తుదిలో, వాయవ్యపరగణాలయందు విద్యాశాఖాధిపతిగా పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ వ్రాసిన వ్యాకరణశ్రేణి భారతీయవిద్యార్థికి శిరోధార్యమైనది. వాక్యవిభజనము, దానికి విలోమమైన వాక్యసంయోజనము అను అభ్యాసములు మన తాతల దినచర్యయైనవి. ఆయన వెనుక వచ్చినవాడు రెన్. బొంబాయి రాజధాని విద్యాశాఖలో పనిచేసి, పిదప ఫ్రెంచి విదేశీదళపు వీరుల నవల వ్రాసి లోకప్రసిద్ధుడైన పి.సి. రెన్.

ఇక మన తెలుగు వ్యాకరణము వైపు చూచినచో, చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకములని పది పరిచ్ఛేదములు గలవు. వాక్యమునకు వేఱుగా పరిచ్ఛేదము లేదు. ఒకే బడిలో ఒక గంట సూరి, మఱుగంట నెస్‌ఫీల్డ్ చదివిన బాలునికి ఆ రెంటి నడుమ వంతెన కట్టి చూపినవారు అరుదు. కట్టియున్నచో ఎంత మేలు జరిగెడిదో! తెలుగున ఆయన వైద్యుడు అనినచో క్రియ లేకయే వాక్యము పూర్ణము. నిన్న వచ్చిన బాలుడు అని ధాతుజవిశేషణముతో ముగించుదుము, ఇంగ్లీషువాడు అచ్చట ఒక ఉపవాక్యమునే నిర్మింపవలెను. లేచి, స్నానముచేసి, భుజించి, బడికి పోయెను అనునప్పుడు మనకు సమాపక క్రియ యొక్కటే. క్త్వార్థక, శత్రర్థక, చేదర్థకములతో ఎంత దీర్ఘమైన భావమునైనను ఒకే సమాపకక్రియ క్రిందికి తెచ్చు భాష మనది. సామాన్యము, సంయుక్తము, సంశ్లిష్టము అను విభాగము మన బాలునికి కొఱుకుడుపడకుండుటకు కారణము మందబుద్ధి కాదు. వాని మాతృభాష ఆ పనిని వేఱు మార్గమున చేయుచున్నది. సబ్జెక్టును విడిచివేసి వ్రాసినప్పుడును అంతే: తెలుగు క్రియాంతమున పురుషవచనములు దాగియుండగా పోయితిని అనినచో నేను అను పదముతో పనిలేదు.

మాతృభాష నడకను ఎఱిగి బోధింపవలెనన్న ఈ రహస్యము తెలిసిన మహనీయులు మనకు లేకపోలేదు. 1906 ప్రాంతమున ఉత్తర మండలముల పాఠశాలలను తనిఖీ చేసిన జె.ఏ. యేట్సు, జీవద్భాషను వినిపించి నేర్పు పద్ధతిని ప్రోత్సహించుచు, తెలుగున వ్రాతకును నోటిమాటకును ఇంత యంతరమేల యని యడుగగా, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తిగారు ఆ ప్రశ్నను పట్టుకొని జీవితాంతము విడువలేదు. ఆయన ఆధునిక ధ్వనిశాస్త్రసాధనములతో సవరభాషకు ఇంగ్లీషున రచించిన వ్యాకరణము 1931లో అచ్చైనది.

ఇరువదవ శతాబ్దమున వాక్యమును గూర్చిన విశ్వాసములు మరల కదలినవి. అమెరికాలో సి.సి. ఫ్రీస్ టెలిఫోనులో జనులు మాటలాడుకొన్న సంభాషణములను దాదాపు ఏబది గంటలపాటు ధ్వనిముద్రణము చేసి, సుమారు రెండులక్షల ఏబదివేల మాటలను పరిశీలించి 1952లో ఒక గ్రంథము ప్రకటించెను. వాక్యమునకు అప్పటికే రెండువందలకు పైగా నిర్వచనములున్నవని చెప్పి, ఆతడు నిర్వచనమును విడిచి, ఒకడు పలికినపిదప రెండవవాడేమి చేసెనని చూచెను: మాటతో బదులిచ్చెనా, లేచి పనిచేసెనా, ఊఁ కొట్టుచు వినుచుండెనా? వాక్యభేదములకు ఇంతకంటె సహజమైన ఆధారము నాకు కనబడలేదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణకళాశాలయందు పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ బాలురు చదువలేక బాధపడుట చూచి, మిక్కిలి వాడుకలోనున్న రెండువేల పదములనే ముందు నేర్పవలెనని నిర్ణయించెను. ఆతని పట్టిక 1953లో తుదిరూపు దాల్చినది. మఱుసటియేడు ఏ.ఎస్. హార్న్‌బీ క్రియలను అవి కోరు వాక్యపు మూసలను బట్టి ఇరువదియైదు తరగతులుగా కూర్చెను. 1958లో హైదరాబాదునందు ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ నెలకొన్నది. ఆ దశాబ్దమునందును దాని తరువాతను మన బడులకు వచ్చిన క్రొత్త వాచకములలో బాలుడు నిర్వచనమును చూచెడివాడు కాడు. ఇది కలము, అది బల్ల అను రెండు వాక్యములను విని, పలికి, వానిని ప్రశ్నలుగా మార్చి, వస్తువు చేతికిమ్మని తోటివానిని కోరి, ఆ తరువాత ఎన్నో నెలలకుగాని సబ్జెక్టు అను పేరు వినెడివాడు కాడు.